బురదలోకి దిగే బండికి ఏం కావాలి?

ఫోర్‌ వీల్‌ డ్రైవ్‌ బండి కొన్నవాళ్లకి మొదటి నెలలో ఒక జ్వరం పట్టుకుంటుంది. వచ్చినప్పుడు ముద్దుగా కనిపించిన బండే నాలుగు రోజులయ్యేసరికి నగలు పెట్టుకోని పెళ్లికూతురిలా బోసిగా అనిపిస్తుంది. టైర్లు చిన్నవిగా తోస్తాయి. బంపరు పేలవంగా కనిపిస్తుంది. ఎదురింటాయన బండికి నెత్తిన లైట్లున్నాయి, మనకి లేవే అని నిద్రపట్టదు. అప్పటిదాకా ఒక్కసారైనా బురదలోకి దిగిందా అంటే... దిగలేదు!

విశాఖపట్నంలో ఉండే ఆ బ్యాంకు ఉద్యోగికీ ఇదే జ్వరం వచ్చింది. వయసు ముప్ఫై నాలుగు. భార్య టీచరు, పాప రెండో తరగతి. 2021 మోడల్‌ డీజిల్‌ థార్‌, పదహారంగుళాల ఇనుప రిమ్ములున్న రకం, సెకండ్‌ హ్యాండ్‌లో కొన్నాడు. తారు దిగి నడిపింది రెండంటే రెండుసార్లు. ఒకసారి అత్తగారి ఊళ్లో చెరువు గట్టు మీద, ఇంకోసారి లేఅవుట్‌ కోసం చదును చేసిన ఖాళీ జాగాలో. అయినా సరే, బోనస్‌ డబ్బులు పడ్డ వారానికే యాక్సెసరీస్‌ షాపుకి వెళ్లి లెక్క రాయించుకొచ్చాడు.

స్పేర్‌తో కలిపి అయిదు పెద్ద టైర్లు- లక్షా అయిదు వేలు. బండిని రెండంగుళాలు పైకి లేపే లిఫ్ట్‌ కిట్‌- డెబ్భై వేలు. ఇనుప బంపరు- ముప్ఫై ఎనిమిది వేలు. దానికి బిగించే వించ్‌- యాభై అయిదు వేలు. స్నార్కెల్‌- పధ్నాలుగు వేలు. లైట్లు- పది వేలు. మొత్తం 2 లక్షల 92 వేలు!

భార్య ఆ చీటీ చూసి కోప్పడలేదు. కోప్పడి ఉంటే అతను ఏదో ఒకటి సర్దిచెప్పేవాడే. ఆవిడ ఒక్క ప్రశ్న అడిగింది.

''ఇవన్నీ పెట్టించాక మనం ఎక్కడికి వెళ్తామండీ?''

''పాడేరు... బాబాయ్‌ వాళ్లింటికి. అక్కణ్నుంచి కాఫీ తోటకి.''

''ఇక్కణ్నుంచి పాడేరు వందకి పైనే కదా, అదంతా తారు రోడ్డేగా? తోటకి మట్టి దారి ఎంత?''

''మూడు కిలోమీటర్లుంటుంది.''

''రోజూ పాపని స్కూల్లో దింపేది కూడా ఈ బండిలోనేగా?''

అంతే. ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. అతనికి మాత్రం ఆ లెక్క బుర్రలో తిరుగుతూనే ఉంది. ఏడాదిలో బండి తిరిగే దూరంలో మట్టి దారి ఎంత? నూటికి రెండు పాళ్లు కూడా ఉండదు. ఆ రెండు పాళ్ల కోసం మిగతా తొంభై ఎనిమిది పాళ్ల ప్రయాణం పాడవుతుందా, బాగుపడుతుందా? ఈ ప్రశ్నకి షాపులో జవాబు దొరకదు. వాళ్లు అమ్ముకునేవాళ్లు. అందుకే ఆ ఆదివారం అతను బండి వేసుకుని చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు బయల్దేరాడు. మాడుగులలో హల్వా కట్టించుకోవడం మరిచిపోలేదు. బాబాయ్‌ నోరు తెరవాలంటే అది ఉండాలి మరి!

కమాండర్‌ జీపు కాలం

బాబాయ్‌ది సొంత బాబాయ్‌ వరస కాదు. నాన్నతో కలిసి చదువుకున్నాయన. పాతికేళ్లు ఏజెన్సీలో జీపు తోలాడు. సంతలకి మనుషుల్ని, సంతల నుంచి పసుపు బస్తాల్ని చేరవేసేవాడు. ఆ రోజుల్లో మహీంద్రా కమాండర్‌ జీపంటే మన్యంలో బస్సు, లారీ, అంబులెన్సు... అన్నీ అదే. లోపల పదిమంది, వెనక వేలాడుతూ అయిదుగురు, టాపు మీద బస్తాలు. వాటిలో చాలావాటికి ఫోర్‌ వీల్‌ డ్రైవ్‌ కూడా ఉండేది కాదు. వెనక రెండు చక్రాలే లాగేవి. అయినా ఇప్పటి బండ్లు మొహం తిప్పుకునే దారుల్లో అవి తిరిగాయి.

చీటీ చదివి బాబాయ్‌ కళ్లజోడు తీశాడు.

''ఒరే అబ్బాయ్‌, నీ బండికేటి తక్కువైందని ఇదంతా? కంపినీ వోడు మొత్తం అమర్చే ఇచ్చినాడు గదా!''

''అందరూ పెట్టిస్తున్నారు బాబాయ్‌.''

''అందరూ దిగబడతన్నారు గూడా. అదెందుకు సెప్పరు?''

ఆ పూట బాబాయ్‌ చెప్పిన మొదటి సంగతి ట్రాక్టరు గురించి. దమ్ము చేసేటప్పుడు రైతు ట్రాక్టరు వెనక టైర్లకి ఇనుప దమ్ము చక్రాలు తగిలిస్తాడు. బురద మడిలో వాటిని మించినవి లేవు. కానీ అదే ట్రాక్టరు వాటితోనే తారు రోడ్డెక్కితే? రోడ్డు తవ్వుకుపోతుంది, బండి గజగజలాడుతుంది, పోలీసులు పట్టుకుంటారు. అందుకే తెలివైన రైతు గట్టు మీదే వాటిని విప్పేసి రోడ్డెక్కుతాడు. ''నువ్వు తగిలించేవి విప్పడానికి రావు. బురద సక్రాలేసుకుని పాపని బడికి తీసుకెల్తావన్నమాట'' అన్నాడు బాబాయ్‌. ఈ ఒక్క మాట అర్థం చేసుకుంటే కొత్తగా బండి కొన్నవాళ్లకి సగం డబ్బు మిగిలినట్టే. బండికి ఏది తగిలించినా ఒకచోట లాభం, ఇంకోచోట నష్టం. ఊరికే వచ్చేది ఏదీ ఉండదు.

గాలి... పైసా ఖర్చులేని మార్పు

ముందు టైర్ల సంగతి చూద్దాం. తారు కోసం చేసినవి హెచ్‌టీ, అన్నిటికీ పనికొచ్చేలా చేసినవి ఏటీ, బురద కోసం చేసినవి ఎంటీ. ఎంటీ టైరుకి దిమ్మలు పెద్దవిగా, వాటి మధ్య సందులు లోతుగా ఉంటాయి. తిరిగేకొద్దీ బురదని విదిల్చుకుంటూ పోతుంది. చూడ్డానికీ భలేగా ఉంటుంది. కానీ తారు మీద ఆ దిమ్మలే నేలని తాకుతాయి కాబట్టి హోరుమని చప్పుడు, మైలేజీ తగ్గుదల, వాన పడ్డ రోడ్డు మీద బ్రేకు వేస్తే పట్టు తక్కువ. వాన, ఘాట్‌ రోడ్డు, వెనక సీట్లో పిల్లలు... ఈ మూడూ కలిసినప్పుడు ఆ చివరి సంగతే అన్నిటికన్నా ముఖ్యం.

ఇక సైజు. అతని బండికి కంపెనీ ఇచ్చిన టైరు ఎత్తు దాదాపు 30.5 అంగుళాలు. షాపువాళ్లు చెప్పింది 33 అంగుళాలు. తేడా రెండున్నర అంగుళాలే అయినా, నేల నుంచి ఇరుసు పైకి లేచేది అందులో సగమే... అంటే మూడు సెంటీమీటర్లు. ఆ మూడు సెంటీమీటర్ల కోసం ఏం పోతుందో చూడండి. చక్రం పెద్దదైతే ఒక్క చుట్టుకి ఎక్కువ దూరం వెళ్తుంది. స్పీడోమీటరు ఆ సంగతి ఎరగదు. అది వంద చూపిస్తున్నప్పుడు బండి నిజంగా 108 మీద పోతుంటుంది. గేర్లు బరువెక్కి ఎత్తులో ఇంజిన్‌ ఆయాసపడుతుంది. స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు లోపల గీరుకుంటుంది. గీరుకోకుండా ఉండాలంటే లిఫ్ట్‌ కిట్‌ వేయాలి. ఒక ఖర్చు ఇంకో ఖర్చుని చెయ్యి పట్టుకుని లాక్కొస్తుందన్నమాట.

మరి బురదలో పట్టెలా? దానికి పైసా ఖర్చులేని ఉపాయం ఒకటుంది. టైర్లో గాలి తీసెయ్యడం!

ఇది చాలామంది నమ్మరు. పంక్చరైతే కదా గాలి పోయేది, మనమే తీసెయ్యడమేంటి అంటారు. తారు మీద ముప్ఫై పీఎస్‌ఐకి అటూ ఇటూ ఉండే గాలిని రాళ్ల దారిలో ఇరవై దరిదాపులకి, మెత్తటి ఇసుకలో పదిహేను, పద్దెనిమిది మధ్యకి తగ్గిస్తే టైరు అడుగు భాగం పొడుగ్గా పరుచుకుంటుంది. బండి బరువు ఎక్కువ జాగా మీద పడుతుంది. దిగబడదు. గట్టిగా ఉన్న టైరు రాయిని తన్ని ఎగురుతుంది, మెత్తబడ్డ టైరు రాయిని కావలించుకుని ఎక్కుతుంది. సైకిలు గోదారి ఇసకలో దిగబడితే ట్యూబులో గాలి కాస్త వదిలినవాళ్లకి ఇది కొత్తేం కాదు.

అయితే రెండు జాగ్రత్తలు. గాలి తగ్గించాక నెమ్మదిగా వెళ్లాలి, స్టీరింగు ఒక్కసారిగా విరవకూడదు. మరీ తగ్గిస్తే టైరు రిమ్ము నుంచి ఊడొస్తుంది. ఇక రోడ్డెక్కే ముందు మళ్లీ గాలి కొట్టించాల్సిందే. తక్కువ గాలితో హైవే మీద వేగంగా వెళ్తే టైరు వేడెక్కి పగులుతుంది. కాబట్టి కొత్తవాళ్లు కొనాల్సిన మొదటి సామాను పెద్ద టైరు కాదు... గాలి కొలిచే మంచి గేజీ, బ్యాటరీకి తగిలించుకునే చిన్న కంప్రెసరు. మట్టి దారి చివర పంక్చరు షాపు ఉండదు కదా!

పసుపు బస్తాల జీపు

లిఫ్ట్‌ కిట్‌ దగ్గరికొచ్చేసరికి బాబాయ్‌ కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక పాత సంగతి చెప్పాడు. తనతోపాటు జీపు తోలే ఒకాయన సంత రోజున టాపు మీద మామూలుగా వేసేవాటికన్నా నాలుగు పసుపు బస్తాలు ఎక్కువ వేశాడు. దారి కొత్తది కాదు, వేగమూ లేదు. పక్కకి ఒరిగిన మలుపులో ఒక చక్రం రాయెక్కింది. జీపు మెల్లగా... చాలా మెల్లగా... పక్కకి పడుకుంది. లోపలివాళ్లకి దెబ్బలే తగిలాయి. పక్కన వేలాడుతున్న కుర్రాడికి మాత్రం కాలు తీసెయ్యాల్సి వచ్చింది.

''నాలుగు బస్తాలేరా. పైన బరువు పడితే జీపు పక్కకి సూస్తాది'' అన్నాడు.

బండిని రెండంగుళాలు లేపడం అంటే నాలుగు బస్తాలు పైన వేసినంత కాకపోవచ్చు. కానీ సూత్రం అదే. బరువు మధ్యభాగం పైకి జరిగితే మలుపులో బండి ఒరగడం పెరుగుతుంది. పైగా చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. లిఫ్ట్‌ కిట్‌ పైకి లేపేది ఛాసిస్‌ని, బాడీని. వెనక ఇరుసు మధ్యలో గుండులా వేలాడే డిఫరెన్షియల్‌ ఎక్కడుందో అక్కడే ఉంటుంది. రాయి తగిలేది ముందుగా దానికే! దాన్ని పైకి లేపేది పెద్ద టైరు మాత్రమే. లిఫ్ట్‌ వల్ల పెద్ద టైరుకి చోటు దొరుకుతుంది, గుంటలోకి దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ బంపరు నేలకి తగలడం తగ్గుతుంది... లాభం లేదని కాదు. కానీ దానికి బదులుగా ప్రొపెల్లర్‌ షాఫ్టు, యాక్సిల్‌ కీళ్లు వంకరగా తిరుగుతూ తొందరగా అరుగుతాయి. బ్రేకు గొట్టాలు బిగుసుకుంటాయి. హెడ్‌లైట్లు ఎదురొచ్చేవాళ్ల కళ్లలో పడతాయి. ఇవన్నీ సరిచేయగల మెకానిక్‌ దొరికితే సరే. స్ప్రింగు కింద దిమ్మ పెట్టి పంపించేవాళ్లే ఎక్కువ.

అసలు అతని థార్‌ అడుగు నేలకి 226 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. కాఫీ తోట దారిలో కమాండర్‌ జీపు తిరిగింది. ఇక లేపాల్సిన అవసరమేముంది?

లోపలికి వెళ్లడం కాదు, బయటికి రావడం

బాబాయ్‌ జీపులో ఎప్పుడూ ఉండే సామాను... ఒక పార, రెండు గోనె సంచులు, జాకీ కింద వేసే దళసరి చెక్క, మోకు. అంతే. బురదలో జాకీ పెడితే బండి లేవదు, జాకీయే భూమిలోకి దిగిపోతుంది. దాని కింద చెక్క వేయాలన్న చిన్న విషయం తెలియక గంటలకొద్దీ వానలో నిలబడ్డవాళ్లున్నారు. చక్రం తిరుగుతూ ఉంటే యాక్సిలరేటరు ఇంకా తొక్కడం కొత్తవాళ్లు చేసే పని. అలా తొక్కితే చక్రం తన గొయ్యి తనే తవ్వుకుంటుంది. ఆగి, దిగి, చక్రం ముందు మట్టి తీసి, గోనె సంచి వేసి, గాలి తగ్గించి, ఫోర్‌ లో గేరులో మెల్లగా కదిలిస్తే ఎక్కువ సార్లు బయటికొస్తుంది.

రాకపోతే? ఇంకో బండితో లాగాలి. ఇక్కడే డబ్బు పెట్టాలి, ఇక్కడే కొత్తవాళ్లు పిసినారితనం చూపిస్తారు. లారీలకి కట్టే తాడో, ఇనప గొలుసో తెచ్చి ఎక్కడ దొరికితే అక్కడ కడతారు. లాగడానికి ప్రత్యేకంగా నైలాన్‌ పట్టీ ఉంటుంది. లాగినప్పుడు అది నూటికి ఇరవై పాళ్ల దాకా సాగి, ఆ సాగిన బలంతో బండిని బయటికి గుంజుతుంది. కుదుపు తగలదు. కానీ అంత బలం దాచుకున్న పట్టీ తగిలించిన కొక్కెం విరిగితే? ఆ కొక్కెం తుపాకీ గుండులా ఎగిరొస్తుంది. ఆస్ట్రేలియాలో ట్రైలర్‌ తగిలించే గుండుకి ఇలాంటి పట్టీ కట్టి లాగితే, ఆ గుండు విరిగి ఎగిరి మనుషులు చనిపోయిన ఘటనలున్నాయి. అందుకే పట్టీ కట్టాల్సింది ఛాసిస్‌కి గట్టిగా బిగించిన, ఆ పనికే ఉద్దేశించిన కొక్కేనికి మాత్రమే. బండిని ట్రక్కు మీద కట్టెయ్యడానికి ఇచ్చే చిన్న కొక్కేలు అందుకు పనికిరావు. ఏది దేనికో మాన్యువల్‌లో ఉంటుంది. చదివేవాళ్లే తక్కువ! లాగేటప్పుడు చుట్టూ మూగినవాళ్లని, ముఖ్యంగా పిల్లల్ని, పట్టీ పొడవుకి రెట్టింపు దూరంలో నిలబెట్టాలి. పట్టీ మధ్యలో ఒక తడి గోనె సంచో, దుప్పటో వేలాడేస్తే తెగినా దాని ఊపు తగ్గుతుంది.

మరి వించ్‌? మంచి వస్తువే. నాలుగు టన్నుల పైన బరువు లాగేవి దొరుకుతున్నాయి. ఒంటరిగా అడవుల్లోకి వెళ్లేవాళ్లకి అది ప్రాణదాత. అయితే కొత్తగా నేర్చుకునేవాళ్లు ఒంటరిగా వెళ్లనే కూడదు. ఇంకో బండి తోడున్నప్పుడు వించ్‌ చేసే పని చాలావరకు పట్టీతోనే అయిపోతుంది. పైగా వించ్‌, ఇనుప బంపరు కలిసి అర క్వింటాలు దాటతాయి. ఆ బరువంతా ముందు స్ప్రింగుల మీదే.

వాగు దాటే ముందు

స్నార్కెల్‌ పెట్టించుకుంటే బండి పడవైపోతుందని అనుకునేవాళ్లున్నారు. అది ఇంజిన్‌ పీల్చే గాలిని కాస్త ఎత్తు నుంచి తెచ్చే గొట్టం, అంతే. థార్‌ దాటగల నీళ్ల లోతు 650 మిల్లీమీటర్లని కంపెనీయే చెప్పింది... అంటే మోకాలు దాటి తొడ దాకా. అంతకన్నా లోతైన వాగులో వైరింగు, ఆల్టర్నేటరు, డిఫరెన్షియల్‌... అన్నీ మునుగుతాయి. స్నార్కెల్‌ వాటిని కాపాడదు. ప్రవాహం ఉంటే బండి తేలి కొట్టుకుపోతుంది. ఎన్ని కార్లు కాజ్‌వేల మీద అలా పోలేదు?

నీళ్లు ఇంజిన్‌లోకి వెళ్తే ఏమవుతుందో కూడా చెప్పుకోవాలి. గాలిని నొక్కితే కుదించుకుంటుంది, నీళ్లు కుదించుకోవు. పిస్టన్‌ వాటిని నొక్కబోయి కనెక్టింగ్‌ రాడ్డు వంగుతుంది. బండి నీళ్లలో ఆగిపోతే మళ్లీ తాళం తిప్పకూడదని చెప్పేది అందుకే. బాబాయ్‌ పద్ధతి ఒక్కటే. వాగు ముందు బండాపి, పంచె ఎగ్గట్టి, చేత్తో కర్ర పట్టుకుని నడిచి దాటడం. తను నడవలేని వాగులోకి జీపుని దింపేవాడు కాదు.

కాగితాల మాటేమిటి?

బాబాయ్‌కి తెలియనిది, భార్య తెలుసుకున్నది ఇది. బ్యాంకు ఉద్యోగి అతనే అయినా ఇన్సూరెన్స్‌ పాలసీ వెనక చిన్న అక్షరాలు చదివింది మాత్రం ఆవిడే!

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతి మరోసారి స్పష్టం చేసింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో, అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకి అయిదు వేల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. అంతకుముందే, 2017 డిసెంబరులో, ముందు వైపు బిగించే ఇనుప బుల్‌ బార్ల మీద చర్యలు తీసుకోమని కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకి రాసింది. కారణం ఉంది. కారు ముందుభాగం గుద్దుకున్నప్పుడు నలిగేలా, ఎయిర్‌బ్యాగ్‌ సెన్సర్‌కి దెబ్బ తెలిసేలా తయారుచేస్తారు. దాని ముందు ఇనుప కమ్మీ పెడితే ఆ లెక్క తప్పుతుంది. రోడ్డు దాటే మనిషికి తగిలితే ఇక చెప్పక్కర్లేదు.

ఇక ఇన్సూరెన్స్‌. మామూలు మోటారు పాలసీ పోటీలకి, వేగ పరీక్షలకి, రిలయబిలిటీ ట్రయల్స్‌కి వర్తించదని అందులోనే రాసి ఉంటుంది. నీళ్లలో పాడైన ఇంజిన్‌కి సాధారణంగా అదనపు ప్రీమియం కట్టి ఇంజిన్‌ ప్రొటెక్ట్‌ తీసుకుంటేనే పరిహారం. చెప్పకుండా చేయించిన మార్పులుంటే, ప్రమాదం జరిగిన రోజున కంపెనీవాళ్లు మొదట పట్టుకునేది వాటినే. నెలనెలా జీతం మీద బతికే కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు. ఇరవై వేల లైట్లో బంపరో కాదు, పన్నెండు లక్షల బండి, ఎదుటివాడి ప్రాణానికి కట్టాల్సిన పరిహారం... అన్నీ ఆ కాగితం మీద ఆధారపడి ఉంటాయి.

అన్నట్టు, దారి కూడా ఎవరిదో తెలుసుకోవాలి. రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా బండి తోలితే కేసే. నాటిన మడి గట్టు మీదుగా తోలితే కేసు లేకపోయినా ఉసురు తగులుతుంది.

చివరికి ఏం కొన్నారు?

రెండు వారాల తర్వాత అతను మళ్లీ షాపుకి వెళ్లాడు. చీటీ మారింది. కంపెనీ సైజులోనే నాలుగు ఏటీ టైర్లు. పాతవి ఎలాగూ అరిగిపోయాయి. గేజీ, కంప్రెసరు. నైలాన్‌ పట్టీ, దానికి సరిపడా బరువు మోయగలదని ముద్ర ఉన్న రెండు షాకిల్‌ కొక్కేలు. మడిచే పార, తోలు చేతి తొడుగులు, మంటలార్పే చిన్న సిలిండరు, ఫస్ట్‌ ఎయిడ్‌ పెట్టె. జాకీ చెక్క బాబాయే ఇచ్చాడు, పాత జీపులోది. మొత్తం కలిపినా మొదటి చీటీలో మూడో వంతు కాలేదు. షాపతను కాస్త చిన్నబుచ్చుకున్నాడు గానీ, టైర్లు మాత్రం శ్రద్ధగానే బిగించాడు.

తర్వాత ఆరు ఆదివారాలు బాబాయ్‌ పక్కన కూర్చుని తోటదారిలో నేర్పాడు. ఫోర్‌ హై ఎప్పుడు, ఫోర్‌ లో ఎప్పుడు. ఎండిన తారు మీద ఫోర్‌ వీల్‌లో ఎందుకు తోలకూడదు. ఏటవాలు దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టకుండా మొదటి గేరుకి వదిలెయ్యడం. జారిపోతోందనిపిస్తే కంగారుపడి పక్కకి తిప్పకుండా తిన్నగా వెనక్కి రావడం. స్టీరింగు పట్టుకునేటప్పుడు బొటనవేళ్లు లోపలికి దూర్చకుండా పైన ఆనించడం... రాయి తగిలి చక్రం విసురుగా తిరిగితే వేలు విరుగుతుంది మరి. ''కాలుకి బుద్ధి రావాల. బండికి కాదు'' అని ఆయన రోజుకి పదిసార్లు అనేవాడు.

మూడో ఆదివారం భార్యా, పాపా కూడా వెళ్లారు. వచ్చేటప్పుడు ఘాట్‌లో సన్న వాన, మంచు. మలుపు తిరిగేసరికి రోడ్డుకి అడ్డంగా ఆవు. అతను బ్రేకు తొక్కాడు. బండి తిన్నగా, మూడు గజాల ముందే ఆగింది. ఆవు తాపీగా వెళ్లిపోయింది. పాప వెనక నుంచి ''బై బై'' చెప్పింది. పెద్ద టైర్లూ, లేపిన స్ప్రింగులూ ఉంటే ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు? ఆగేదేమో కూడా. కానీ భార్యాభర్తలిద్దరూ మాడుగుల వచ్చేదాకా మాట్లాడుకోలేదు.

దిగబడటం కూడా అయింది లెండి. అయిదోసారి ఎర్రమట్టి గుంటలో రెండు చక్రాలూ కూరుకుపోయాయి. పార, గోనె సంచులు, ఇరవై నిమిషాలు. కదల్లేదు. తోటవాళ్ల బొలేరో వచ్చి పట్టీతో లాగితే ఒక్క గుంజుకి బయటపడింది. పాపని దూరంగా కాఫీ మొక్కల వెనక నిలబెట్టాకే పట్టీ తగిలించారు.

ఆరో ఆదివారం బాబాయ్‌ బండి కింద దుప్పటి పరుచుకుని దూరాడు. టార్చి వేసి అతన్నీ పిలిచాడు. ట్రాన్స్‌ఫర్‌ కేసు కింద ఒకచోట, వెనక డిఫరెన్షియల్‌ మీద రెండుచోట్ల రాయి గీసిన మెరుపు గీతలు. బంపరు కింద ఒక్క గీత లేదు. సైలెన్సరు దగ్గరా లేదు. ''సూసినావా? నీ దారికి ఏటి గావాలో బండే రాసి పెట్టింది'' అన్నాడు. ముందు బంపరు ఎక్కడా తగల్లేదంటే ఎత్తు చాలుతోందన్నమాట. తగులుతున్నది మధ్యలో. అక్కడ ఒక దళసరి ఇనుప రేకు కవచం కావాలి. ఎనిమిది, పది వేలలో అయ్యే పని. దాన్ని బిగించాక ఆయిల్‌ మార్చడానికి వీలుగా రేకులో రంధ్రం ఎక్కడ పెట్టించాలో సుద్దముక్కతో గుర్తు పెట్టి మరీ చూపించాడు బాబాయ్‌.